హాట్ టబ్ నీళ్లు పాడవకుండా చూసుకోవడం ఎలా

మా నాన్నకి మోకాళ్ల నొప్పులు. వేడినీళ్లలో కూర్చుంటే ఉపశమనంగా ఉంటుందని అన్నయ్య రెండేళ్ల క్రితం విజయనగరం వచ్చినప్పుడు మా పెరట్లో 1500 లీటర్ల హాట్ టబ్ (హీటరు, పంపు, నీళ్లు చిమ్మే జెట్లు ఉన్న పెద్ద తొట్టె) పెట్టించి వెళ్లాడు. బిగించిన కుర్రాళ్లు స్విచ్చులన్నీ చూపించారు గానీ నీళ్ల సంగతి ఒక్క ముక్క చెప్పలేదు. నెల తిరక్కుండానే నాన్న నడుం చుట్టూ, తొడల మీద ఎర్రటి పొక్కులు లేచాయి. డాక్టరుగారు చూసి, "టబ్బులో క్లోరిన్ ఎంత ఉంటోందమ్మా?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. నీళ్లు మాత్రం అద్దంలా ఉన్నాయి, అడుగున పడిన వేపాకు ఈనెలు కూడా కనబడేంత తేటగా.

సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా వల్ల ఇలాంటి పొక్కులు వస్తాయని ఆ రోజే తెలిసింది. గోరువెచ్చటి నీళ్లు, చాలీచాలని క్లోరిన్ దానికి సరిపోతాయి. నీళ్లు రంగు మారేదాకా అది ఆగదు. అందుకే ఈ వ్యాసమంతా ఒక్క అలవాటు చుట్టూనే తిరుగుతుంది: నీళ్లను కంటితో చూసి నమ్మకండి, కొలిచి నమ్మండి. మా నాన్న ఇప్పటికీ "తేటగానే ఉన్నాయి కదమ్మా, ఇంకేటి కొలుస్తావు?" అంటారు. అయినా కొలిచాకే దిగనిస్తాను.

కొలవడం

రోజువారీకి టెస్ట్ స్ట్రిప్స్ చాలు. వారానికోసారి మాత్రం చుక్కల మందుతో కొలిచే డ్రాప్ కిట్ వాడండి, అది ఇంకా కచ్చితం. మన వైపు గాలిలో తేమ ఎక్కువ. స్ట్రిప్స్ డబ్బా మూత సరిగ్గా బిగించకపోయినా, తడిచేత్తో లోపలికి వేలు పెట్టినా మిగతా స్ట్రిప్స్ కూడా పాడై తప్పుడు రంగులు చూపిస్తాయి. పొడిచేత్తో ఒకటి తీసి వెంటనే మూత పెట్టేయండి.

నీళ్లు పైపైన ముంచకండి. జెట్లకు దూరంగా, మోచేతి లోతులో తీసుకోండి. రంగు పోల్చేటప్పుడు పగటి వెలుగులో చూడండి. ట్యూబులైటు కింద గులాబీ రంగు, నారింజ రంగు ఒకేలా కనిపించి మోసం చేస్తాయి.

పంచాయతీల్లో మంచినీళ్లు పరీక్షించే క్లోరోస్కోప్ మీకు తెలిసే ఉంటుంది, పసుపురంగు తేలేది. దాంతో క్లోరిన్ ఉందో లేదో తెలుస్తుంది గానీ, పనికొచ్చే క్లోరిన్ ఎంత, పని అయిపోయిన క్లోరిన్ ఎంత అన్నది విడివిడిగా తెలియదు. టబ్బుకి ఆ తేడా తెలియడం ముఖ్యం. గులాబీ రంగు తేలే డీపీడీ కిట్ తీసుకోండి. దానితో ఒక జాగ్రత్త ఉంది. క్లోరిన్ మరీ ఎక్కువైపోతే ఆ గులాబీ రంగు క్షణంపాటు మెరిసి తెల్లబోతుంది. చూసినవాళ్లు క్లోరిన్ అస్సలు లేదనుకుని ఇంకా పోస్తారు. నేనూ ఒకసారి అలాగే పోశాను. అనుమానం వస్తే టబ్బు నీళ్లు ఒక వంతుకి మామూలు తాగునీళ్లు నాలుగు వంతులు కలిపి మళ్లీ పరీక్షించి, వచ్చిన అంకెను ఐదుతో గుణించండి.

గుర్తుంచుకోవాల్సిన అంకెలు నాలుగే. ఫ్రీ క్లోరిన్, అంటే ఇంకా పనికొచ్చే క్లోరిన్, 3 నుంచి 5 పీపీఎం (పీపీఎం అంటే లీటరుకి ఒక మిల్లీగ్రాము). పీహెచ్ (నీళ్లలో ఆమ్లగుణం ఎక్కువో క్షారగుణం ఎక్కువో చెప్పే అంకె) 7.2 నుంచి 7.8. ఆల్కలినిటీ 80 నుంచి 120. కాల్షియం హార్డ్‌నెస్, అంటే నీళ్లలో సున్నం, 150 నుంచి 250. ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించి ఇవి రాసిపెట్టుకోండి, పక్కనే తేదీ వేసి మీ కొలతలు. రెండు నెలలు రాస్తే మీ టబ్బు స్వభావం మీకే అర్థమైపోతుంది.

మొదటిసారి నింపేటప్పుడు

ఇక్కడ చేసిన తప్పు మూడు నెలలు వెంటాడుతుంది, కాబట్టి తొందరపడకండి.

మేము మొదట నేరుగా బోరు నీళ్లు పట్టాం. పైపు నుంచి వచ్చేటప్పుడు స్వచ్ఛంగానే ఉన్నాయి. క్లోరిన్ వేసిన పావుగంటకి టబ్బంతా టీ డికాషన్ రంగు. భయపడిపోయి మందు పాడైందనుకున్నాను. అసలు సంగతేంటంటే, బోరు నీళ్లలో ఇనుము కరిగి ఉంటే అది కంటికి కనపడదు. క్లోరిన్ తగలగానే తుప్పుగా మారి రంగు బయటపడుతుంది. అలా బయటపడటం నిజానికి మంచిదే, తుప్పుగా మారిన ఇనుమును ఫిల్టరు పట్టుకుంటుంది. పంపు నడుపుతూ, ఫిల్టరు పూటకోసారి కడుగుతూ ఉంటే రెండు రోజుల్లో రంగు పోయింది. మీ బోరులో ఇనుము ఉందో లేదో ముందే తెలుసుకోవాలంటే ఒక తెల్ల బకెట్టులో నీళ్లు పట్టి రెండు చుక్కలు క్లోరిన్ వేసి గంట ఆగి చూడండి. రంగు మారితే, పైపు చివర పూసల ఫిల్టరు గానీ సెడిమెంట్ ఫిల్టరు గానీ బిగించి, నీళ్లను ముందు పైట్యాంకులో క్లోరిన్ వేసి ఒక రాత్రి నిలవబెట్టి, తేరుకున్నాక టబ్బులోకి పట్టండి.

ఇక రెండోది సున్నం. గీజరు కాయిల్ మీద తెల్లగా పేరుకునే సున్నపు పొరే టబ్బు హీటరు మీదా పేరుకుంటుంది. మా బోరు నీళ్ల హార్డ్‌నెస్ 420 వచ్చింది. కుళాయి నీళ్లది 60. సగం సగం కలిపితే 240, సరిగ్గా కావలసిన చోటుకి వచ్చింది. మీరూ రెండూ కొలిచి ఇలా లెక్క చూసుకోండి. మొత్తం మెత్తని నీళ్లే పట్టినా మంచిది కాదు. సున్నం మరీ తక్కువైన నీళ్లు నురగ ఎక్కువ కడతాయి, లోహపు భాగాలను తినేస్తాయి.

ఆవిరైపోయిన మేరకు నీళ్లు నింపేటప్పుడు మెత్తని నీళ్లే వాడండి. ఆవిరయ్యేది నీళ్లే, సున్నం లోపలే మిగులుతుంది. ప్రతిసారీ బోరు నీళ్లే పోస్తే హార్డ్‌నెస్ పెరుగుతూనే పోతుంది.

ఏది ముందు, ఏది తర్వాత

ముందు ఆల్కలినిటీ, తర్వాత పీహెచ్, చివర క్లోరిన్. ఈ వరస మారిస్తే చేసిన పనే మళ్లీ చేయాలి.

ఆల్కలినిటీ అంటే పీహెచ్ అటూ ఇటూ ఊగకుండా పట్టుకునే బరువు అనుకోండి. తక్కువైతే పెంచడానికి ఖరీదైన మందు అక్కర్లేదు, వంట సోడా చాలు. 1000 లీటర్లకు 17 గ్రాములు వేస్తే 10 పీపీఎం పెరుగుతుంది. మా 1500 లీటర్లకు 25 గ్రాములు. అంటే 60 ఉన్నదాన్ని 90 చేయాలంటే 75 గ్రాములు. చెంచాలతో కొలవకండి, వంటింటి తూకం మీద తూచండి. బకెట్టు నీళ్లలో కరిగించి, జెట్లు నడుస్తుండగా చుట్టూ తిప్పి పోయండి. గంట ఆగి మళ్లీ కొలవండి.

ఆ తర్వాత పీహెచ్. హాట్ టబ్‌లో ఇది ఎప్పుడూ పైకే పోతుంది. గోలీసోడా కొట్టగానే బుస్సుమని గ్యాస్ పోతుంది చూశారా, జెట్లు నీళ్లను గిలకొట్టినప్పుడల్లా కార్బన్ డయాక్సైడ్ అలాగే ఎగిరిపోతుంది. అది పోతే పీహెచ్ పెరుగుతుంది. తగ్గించడానికి డ్రై యాసిడ్ అని అమ్మే సోడియం బైసల్ఫేట్ వాడండి. కొంచెం కొంచెంగా, 15 గ్రాములు వేసి అరగంట ఆగి కొలిచి, కావాలంటే మళ్లీ. బాత్‌రూమ్ కడిగే యాసిడ్ జోలికి వెళ్లకండి, దానిలో ఇంకేం కలిసుంటుందో తెలియదు. వారంలో రెండు మూడుసార్లు పీహెచ్ పైకి పోతుంటే మీ ఆల్కలినిటీ ఎక్కువగా ఉందని అర్థం. దాన్ని 80 దగ్గరకు దించితే పీహెచ్ నెమ్మదిస్తుంది. ఒకవేళ పీహెచ్ కిందకి పోతే మందు వేసేముందు అరగంట జెట్లు నడిపి చూడండి, చాలాసార్లు దానంతటదే లేస్తుంది.

పీహెచ్ మీద ఇంత పట్టుదల ఎందుకంటే, క్లోరిన్ పని చేసేది దాని దయ మీదే. పీహెచ్ 7.5 దగ్గర ఉంటే వేసిన క్లోరిన్లో దాదాపు సగం చురుగ్గా ఉంటుంది. 8కి చేరితే ఆ చురుకుదనం పావువంతు మించదు. అంటే స్ట్రిప్ మీద 4 పీపీఎం అని అందంగా కనిపిస్తున్నా నీళ్లలో కాపలా మాత్రం పలుచబడి ఉంటుంది.

క్లోరిన్ ఏ రూపంలో వేయాలన్నది చాలామంది తప్పు చేసే చోటు. బ్లీచింగ్ పౌడర్ వద్దు. అది సున్నంతో కలిసి ఉంటుంది, నీళ్లు పాలలా అవుతాయి, హీటరు మీద పొర కడుతుంది. ఈత కొలనుల్లో తేలేసే ట్రైక్లోర్ బిళ్లలూ వద్దు, అవి బాగా ఆమ్లగుణం ఉన్నవి, తొట్టె గోడకు ఆనుకుంటే అక్కడే మచ్చ పడుతుంది. డైక్లోర్ పొడి సులువైనదే, కానీ దానితోపాటు సయాన్యూరిక్ యాసిడ్ నీళ్లలో చేరి పేరుకుపోతుంది. 10 పీపీఎం క్లోరిన్ వేస్తే 9 పీపీఎం అదీ చేరుతుంది, అది పెరిగేకొద్దీ క్లోరిన్ మందగిస్తుంది. హాట్ టబ్‌లకు సయాన్యూరిక్ యాసిడ్ ఉన్న క్లోరిన్ వాడొద్దన్నదే అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ సలహా. నేను ద్రవరూపంలో ఉండే సోడియం హైపోక్లోరైట్ వాడతాను. 10 శాతం ద్రావణం అయితే 1000 లీటర్లకు 10 మిల్లీలీటర్లు వేస్తే 1 పీపీఎం పెరుగుతుంది, మా టబ్బుకి 15 మిల్లీలీటర్లు. వేడికి దీని బలం తగ్గిపోతుంది కాబట్టి పెద్ద క్యాన్ చవకగా వస్తుందని కొనకండి. చిన్నది కొని నీడలో ఉంచండి. మే నెలలో మా మేడ మీద గదిలో మిగిలిపోయిన సగం క్యాన్ నీళ్లలాగే అయిపోయింది.

సాయంత్రం స్నానం అయ్యాక వేయండి, మరుసటిరోజు ఉదయానికి కనీసం 3 మిగిలి ఉండాలి. మిగలకపోతే మోతాదు చాలడం లేదన్నమాట. ఎవరూ దిగని రోజు కూడా కొలవండి, వేడినీళ్లలో క్లోరిన్ ఊరికే కూడా ఖర్చవుతుంది.

మందులను ఒకదానితో ఒకటి ఎప్పుడూ కలపకండి. యాసిడ్, క్లోరిన్ కలిస్తే విషవాయువు వస్తుంది, అది నిమిషాల్లో ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. రెండింటికీ వేరు మగ్గులు, వేరు అరలు. నీళ్లలో మందు పోయాలి, మందులో నీళ్లు పోయకూడదు. మూత తెరిచి ఉంచి వేయండి, కనీసం పావుగంట మూయకండి.

ఒంటి మీద నుంచి వచ్చేది

నిజం చెప్పాలంటే మా నీళ్లను ఎక్కువ పాడుచేసింది బోరు కాదు, మేమే. మొదటి సంక్రాంతికి చుట్టాలంతా వచ్చారు. భోగి నాడు పిల్లలకు అమ్మ నువ్వుల నూనె పట్టించి, సున్నిపిండి నలుగు పెట్టి తలంటు పోసింది. తలలు సరిగ్గా ఆరకముందే ఐదుగురూ టబ్బులోకి దూకేశారు. జెట్లు వేసిన పది నిమిషాలకు జానెడు ఎత్తు నురగ లేచింది. మా వదిన చూసి "ఏటిది, కల్లు పొంగినట్టు పొంగుతోంది!" అంది. నురగ అణిగాక తొట్టె చుట్టూ వేలెడు వెడల్పున పసుపూ నూనే కలిసిన జిడ్డుచార. దాన్ని గోరుతో గీస్తే గోరు కింద వెన్నలా చేరింది. ఫిల్టరు మడతలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. ఆ నీళ్లు దారికి రావడానికి మూడు రోజులు పట్టింది.

అప్పటినుంచి మా ఇంట్లో నియమం ఇది. టబ్బులో దిగేముందు మామూలు స్నానం, ఒంటి మీద సబ్బు కూడా మిగలకుండా. తలకి నూనె ఉంటే జుట్టు ముడి వేసి నీళ్లకి పైనే ఉంచాలి. మోకాళ్లకు రాసుకునే ఆయుర్వేద నూనె, బామ్ టబ్బు నుంచి వచ్చాకే. ఇది నాన్నకి ఒప్పించడానికి చాలా కష్టపడ్డాను, వేడికి చర్మం మెత్తబడ్డాక రాస్తేనే హాయిగా ఉందని ఇప్పుడు ఆయనే అంటున్నారు. టబ్బులో కట్టుకునే లుంగీ, నిక్కరు విడిగా ఉంచి సబ్బుపొడి లేకుండా వట్టి నీళ్లలో జాడించండి. బట్టల్లో ఉండిపోయిన డిటర్జెంటే సగం నురగకు కారణం.

నురగ అణిచే మందులు దొరుకుతాయి. అవి నురగను కప్పిపెడతాయి గానీ జిడ్డును తీయవు. నీళ్ల మీద ఒక శుభ్రమైన టెన్నిస్ బంతి వదిలి చూడండి, దాని నూగు నూనెను చాలావరకు పీల్చుకుంటుంది. మిగతాది క్లోరిన్, ఫిల్టరు చూసుకుంటాయి.

క్లోరిన్ వాసన గుప్పుమంటే ఎక్కువైందని మూత తీసి వదిలేస్తారు చాలామంది. అది తలకిందులు. చెమట, మూత్రం లాంటి వాటితో కలిసి పని అయిపోయిన క్లోరిన్‌దే ఆ ఘాటు. కిట్‌లో మొత్తం క్లోరిన్ నుంచి ఫ్రీ క్లోరిన్ తీసేస్తే అది ఎంతుందో తెలుస్తుంది. 0.5 దాటితే షాక్ ఇవ్వాలి, అంటే ఫ్రీ క్లోరిన్‌ని ఒక్కసారిగా 10 పీపీఎం దాకా పెంచి, మూత తీసి, అరగంట పంపు నడపాలి. 5 కిందకు దిగేదాకా ఎవరినీ దింపకండి. మామూలుగానే వారానికోసారి షాక్ ఇస్తే మంచిది, చుట్టాలొచ్చి వెళ్లిన రాత్రయితే తప్పనిసరి.

నీళ్లు మసకబారితే

ముందు ఫిల్టరు చూడండి. పదిసార్లలో ఏడెనిమిదిసార్లు నా సమస్య అక్కడే తీరింది. తర్వాత క్లోరిన్, ఆ తర్వాత పీహెచ్. పీహెచ్, హార్డ్‌నెస్ రెండూ ఎక్కువగా ఉంటే సున్నం విరిగి తెల్లగా తేలుతుంది, అప్పుడు పీహెచ్ దించితే కొన్ని గంటల్లో తేటపడుతుంది.

మా అమ్మమ్మ వాళ్లు వర్షాకాలం బురదనీళ్లకి చిల్లగింజ అరగదీసి కుండలో వేసేవారు, తర్వాత పటిక వచ్చింది. ఆ గుర్తుతో ఎవరో ఒకరు టబ్బులో కూడా పటిక తిప్పమంటారు. కుండలో మడ్డి అడుగున చేరితే పైనీళ్లు వంచుకుంటాం. టబ్బులో పంపు ఆ మడ్డినంతా లాక్కుని ఫిల్టరులోకి కుక్కుతుంది, పైగా పటిక ఆల్కలినిటీని తినేస్తుంది. వద్దు.

ఫిల్టరు కార్ట్రిడ్జ్‌ని వారానికోసారి తీసి, తోటకి నీళ్లు పట్టే గొట్టంతో పైనుంచి కిందకి ప్రతి మడత మధ్యా కడగండి. ప్రెజర్ వాషర్ పెడితే గుడ్డ చిరుగుతుంది. నెలకోసారి ఫిల్టరు క్లీనర్ కలిపిన నీళ్లలో రాత్రంతా నానబెట్టండి. జిడ్డు పోకముందే యాసిడ్‌లో ముంచితే ఆ జిడ్డు గుడ్డలో గట్టిపడి ఇక రాదు. రెండు కార్ట్రిడ్జ్‌లు కొని మార్చి మార్చి వాడితే, ఒకటి పనిచేస్తుంటే ఇంకోటి ఎండలో ఆరుతుంది. ఖర్చు అనిపించినా రెండూ ఎక్కువకాలం మన్నుతాయి.

తుపాను, కరెంటు కోత

2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ వచ్చినప్పుడు మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో చాలా ఊళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. అప్పుడు మాకు టబ్బు లేదు గానీ, ఇప్పుడు అక్టోబరులో తుపాను హెచ్చరిక వినగానే నేను చేసే పని ఇది. షాక్ ఇచ్చి, మూత పట్టీలు గట్టిగా బిగించి, టబ్బు ఎంసీబీ (టబ్బుకి కరెంటు ఇచ్చే స్విచ్చు) దించేస్తాను. కరెంటు వచ్చాక ముందు కొలుస్తాను. క్లోరిన్ సున్నాకి పడిపోయి ఒక రోజే అయితే షాక్ ఇచ్చి, ఆరేడు గంటలు పంపు నడిపి, మళ్లీ కొలిచి చూడవచ్చు. మూడు నాలుగు రోజులు కదలకుండా నిలిచి ఉంటే ఆ నీళ్లు పారబోసేయండి. ఊపిరితిత్తులకు జబ్బు తెచ్చే లెజియోనెల్లా 25 నుంచి 45 డిగ్రీల మధ్య పెరుగుతుంది, మన వాతావరణంలో ఆగిపోయిన టబ్బు సరిగ్గా ఆ మధ్యలోనే ఉంటుంది. జెట్లు వేస్తే ఆ తుంపర నేరుగా ముక్కులోకి వస్తుంది.

కరెంటు మాట వచ్చింది కాబట్టి, మీ టబ్బు లైనుకి 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్చు), సరైన ఎర్తింగ్ ఉన్నాయో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. వేడి 40 డిగ్రీలు దాటనివ్వకండి. గర్భిణులు, ఐదేళ్లలోపు పిల్లలు దిగకూడదు. గుండెజబ్బు, బీపీ, షుగరు ఉన్నవాళ్లు డాక్టరుని అడిగాకే దిగాలి. మా నాన్న 37 డిగ్రీల్లో పావుగంట, అంతే.

నీళ్లు మార్చడం

ఎంత బాగా చూసుకున్నా నీళ్లలో కరిగినవి పేరుకుంటూనే ఉంటాయి. లీటర్లను 11తో భాగించి, వచ్చినదాన్ని రోజుకి దిగే మనుషుల లెక్కతో మళ్లీ భాగిస్తే ఎన్ని రోజులకి మార్చాలో తెలుస్తుంది. 1500 లీటర్లు, ఇద్దరు మనుషులు అయితే దాదాపు 68 రోజులు.

పారబోయడానికి ముందురోజు పైపులు శుభ్రం చేసే మందు వేసి జెట్లు నడపండి. గొట్టాల లోపల జిగురుపొర కడుతుంది, క్లోరిన్ దాని లోతుకి పోలేదు. మొదటిసారి చేసినప్పుడు జెట్లలోంచి గోధుమరంగు తునకలు, తడిసిన కాగితం ముక్కల్లాంటివి, దోసెడు వచ్చాయి. పైకి మెరిసిపోతున్న టబ్బులోంచే.

ఎంసీబీ దించాకే నీళ్లు వదలండి, నీళ్లు లేకుండా హీటరు నడిస్తే కాలిపోతుంది. పైపుల మందు కలిసిన నీళ్లు మురుగు కాలువలోకే పోవాలి. చెరువులోకి, గెడ్డలోకి వదలకండి, కింద పశువులు తాగుతాయి, చేపలు ఉంటాయి. మందు కలపని నీళ్లయితే మూత తీసి ఎండలో ఉంచి, క్లోరిన్ సున్నాకి వచ్చిందని కొలిచాక కొబ్బరిచెట్లకి పెట్టవచ్చు. తొట్టెను మెత్తటి గుడ్డతో తుడిచి, కొత్త నీళ్లు పట్టేటప్పుడు గొట్టాన్ని ఫిల్టరు గూటిలో పెట్టండి. అలా అయితే పైపుల్లో గాలి చిక్కుకోదు, పంపు మొదటిసారికే నీళ్లు లాగుతుంది.

ఈ పని తెల్లవారుజామునే మొదలుపెట్టండి. 28 డిగ్రీల నీళ్లు 1500 లీటర్లు 37కి రావాలంటే 3 కిలోవాట్ల హీటరుకి ఐదారు గంటలు పడుతుంది. ఆ లోపు ఆల్కలినిటీ, పీహెచ్, క్లోరిన్ వరసగా సరిచేసుకోవచ్చు. మేము ఆరింటికి మొదలుపెడితే సాయంత్రం ఐదింటికి నాన్న తువ్వాలు భుజాన వేసుకుని వచ్చేసరికి నా చేతిలో స్ట్రిప్ ఉంటుంది.